బూజు పట్టిన స్టేక్ తినొచ్చా? చలిలో పెరిగే బూజు, వేడిలో పెరిగే బూజు

మాంసం మీద బూజు కనబడితే మన ఇళ్ళలో రెండో మాట ఉండదు, తీసి పారేస్తాం. ఆదివారం పొద్దున్నే విశాఖ పూర్ణా మార్కెట్లోనో గాజువాకలోనో కళ్ళ ముందు కొట్టించుకున్న వేటమాంసం మధ్యాహ్నానికల్లా కూరైపోవాలన్నది మన లెక్క. మిగిలితే ఫ్రిజ్‌లో ఒక రోజు, మహా అయితే రెండు రోజులు. అలాంటి మనకు, పెద్ద మాంసపు దిమ్మను నెల రోజులు గాలికి ఆరనిచ్చి, పైన తెల్లటి నూగు పట్టాక ఆ పొరంతా చెక్కేసి, లోపలి భాగాన్ని స్టేక్ అనే మందపాటి ముక్కలుగా ఎక్కువ ధరకు అమ్ముతారంటే నమ్మబుద్ధి కాదు.

మధురవాడలో ఉండే మా మేనల్లుడు యూట్యూబ్‌లో ఆ వీడియోలు చూసి, గేదె మాంసం కొని, చేతి మందం ముక్క ఒకటి ఫ్రిజ్‌లో జాలీ మీద పెట్టాడు. కొన్నాళ్ళకు ఫోటో పంపాడు. ముక్క అంచుల్లో తెల్లగా, మధ్యలో కాస్త పచ్చగా బూజు. "మావయ్యా, వీడియోలో కూడా ఇలాగే ఉంది, చెక్కేసి తినొచ్చు కదా?" అన్నాడు. వద్దురా, పారెయ్ అన్నాను. "మరి వాళ్ళెలా తింటున్నారు?" అని వెంటనే అడిగాడు. అడగాల్సిన ప్రశ్నే అది. రెండు చోట్లా కనబడేది బూజే. ఒక చోట అది చెక్కేస్తే పోయే పైపూత, ఇంకో చోట ఆసుపత్రి దాకా తీసుకెళ్ళే వ్యవహారం. తేడా ఎక్కడుందో తెలియకపోతే రెండు రకాలుగానూ నష్టమే. అనవసరంగా భయపడతాం, లేదా భయపడాల్సిన చోట ధీమాగా ఉంటాం.

మాంసాన్ని ఇలా చలిలో గాలికి ఆరనివ్వడాన్నే డ్రై ఏజింగ్ అంటారు. ముందు అందులో ఏం జరుగుతుందో చూద్దాం. పశువును కోసిన కొన్ని గంటలకు కండరాలు బిగుసుకుపోతాయి. చలిలో ఒకటి రెండు రోజులు ఉంచితే ఆ బిగువు సడలుతుంది. ఆ తర్వాత కూడా కండలో సహజంగా ఉండే ఎంజైములు, ముఖ్యంగా కాల్‌పెయిన్లు అనేవి, పని చేస్తూనే ఉంటాయి. కండ పోగులను కట్టిపడేసే ప్రొటీన్లను తెంపుతూ పోతాయి. మాంసం మెత్తబడేది ఇందువల్లే. ఈలోగా పైనుంచి నీరు ఆవిరవుతుంది కాబట్టి రుచి చిక్కబడుతుంది. ఈ పనిలో బూజుకు పెద్ద పాత్ర లేదు. థామ్నీడియం అనే తెల్ల బూజు తన ఎంజైములతో ఇంకాస్త మెత్తన చేస్తుందని మాంసం వ్యాపారంలో ఎప్పటినుంచో ఒక నమ్మకం ఉంది. ఎంతో కొంత చేస్తుందేమో గానీ అసలు పని కండలోని ఎంజైములదే. బూజు ఒక్క చుక్క కూడా లేకుండా మాంసాన్ని చక్కగా ఏజ్ చేయవచ్చు.

సరిగ్గా ఏజ్ చేసిన దిమ్మను దగ్గర్నుంచి చూస్తే విషయం సగం అర్థమవుతుంది. ఎముకతో, పైన మందపాటి కొవ్వుతో ఉన్న పెద్ద నడుము భాగం అది. మాంసం బయటికి కనబడే వైపు నల్లబడిన ఎరుపు రంగులో గట్టిగా బెరడు కట్టి ఉంటుంది. వేలితో తడితే టకటకమంటుంది, జిగురు అంటదు. బూజు ఉంటే ఆ బెరడు మీద, కొవ్వు మీద పొడిగా తెల్లటి మచ్చల్లా ఉంటుంది. కుళ్ళు కంపు రాదు. కత్తితో బెరడు చెక్కుతుంటే సెంటీమీటరు లోతుకే ముదురు ఎరుపు, తేమ ఉన్న శుభ్రమైన మాంసం బయటపడుతుంది. ఆవిరైన నీరు, చెక్కేసిన బెరడు కలిపితే మొదటి బరువులో పెద్ద వాటానే పోతుంది. ధర ఎక్కువ కావడానికి అదొక కారణం.

బూజు లోపలికి ఎందుకు దిగలేదంటే, దానికి గాలి కావాలి. దిమ్మ లోపల ఆక్సిజన్ ఉండదు. పైగా ఆరోగ్యమైన పశువు కండ లోపలి భాగంలో సూక్ష్మజీవులు దాదాపు ఉండవు. కోసేటప్పుడు, కొట్టేటప్పుడు అంటుకునేదంతా ఉపరితలానికే. అందుకే పెద్ద దిమ్మను చెక్కితే మంచి భాగం మిగులుతుంది, చేతి మందం ముక్కను చెక్కితే ఏమీ మిగలదు. ముందే కోసి పెట్టిన స్టేక్ మీద బూజు వచ్చిందంటే అన్ని వైపుల నుంచీ వచ్చినట్టే. మా వాడి ముక్క విషయంలో మొదటి అభ్యంతరం ఇదే.

ఇక బూజు, బ్యాక్టీరియా మధ్య ఉన్న సంబంధం చూడాలి. ఈ చిక్కులో ముఖ్యమైన ముడి ఇక్కడే ఉంది. సూక్ష్మజీవులు వాడుకోగలిగే నీరు ఆహారంలో ఎంత ఉందో చెప్పడానికి వాటర్ యాక్టివిటీ అనే కొలత వాడతారు. స్వచ్ఛమైన నీటికి అది 1. పచ్చి మాంసానికి సుమారు 0.99. ఈ అంకె 0.90 కంటే తగ్గితే మాంసాన్ని కుళ్ళబెట్టే బ్యాక్టీరియాలో చాలావరకు పెరగలేవు. స్టెఫైలోకాకస్ లాంటి మొండి రకం 0.86 దాకా లాక్కొస్తుంది. బూజులు 0.80 దాకా, కొన్ని ఇంకా కిందికి కూడా బతుకుతాయి. అంటే బాగా ఆరిన బెరడు మీద బూజు పెరుగుతోందంటే, అక్కడ బ్యాక్టీరియాకు చాలినంత నీరు లేకపోవచ్చు. తడిగా, జిగురుగా ఉన్న మాంసం మీద బూజు పెరుగుతోందంటే అర్థం పూర్తిగా వేరు. బూజుకు వీలైన చోట బ్యాక్టీరియాకు ఎప్పుడో వీలైంది, అది మన కంటికి కనబడలేదంతే.

మాంసం మీద బూజు అనగానే మనసులో మూడు భయాలు కలగలిసి లేస్తాయి. బూజు కడుపులోకి పోతే ఏమవుతుందన్నది ఒకటి. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకు కొద్దిపాటి బూజు తగిలినంత మాత్రాన సాధారణంగా ఏమీ కాదు. ఉబ్బసం, బూజు అలర్జీ ఉన్నవాళ్ళ సంగతి వేరు. దాని విత్తులు (స్పోర్లు) పీల్చినా ఇబ్బందే. రెండోది బూజు తయారుచేసే విషాలు, మైకోటాక్సిన్లు. మూడోది బూజు పక్కనే దాక్కుని ఉండే బ్యాక్టీరియా. మాంసం విషయంలో మనుషుల్ని తొందరగా మంచాన పడేసేది ఎక్కువగా ఈ మూడోదే. సాల్మొనెల్లా, ఇ.కోలై లాంటివి చలికి నిద్రపోతాయి గానీ చావవు. లిస్టీరియా అయితే ఫ్రిజ్ చలిలో కూడా నెమ్మదిగా పెరుగుతూనే ఉంటుంది. గర్భిణులకు, వయసు పైబడినవాళ్ళకు, కీమోథెరపీ లాంటి చికిత్సల్లో ఉన్నవాళ్ళకు అది ప్రాణాల మీదికి తెస్తుంది. వాళ్ళు డ్రై ఏజ్డ్ స్టేక్ సగం పచ్చిగా తినకపోవడమే మంచిది, దాన్ని ఎంత పేరున్న వంటవాడు చేసినా సరే.

యూరప్ ఆహార భద్రతా సంస్థ ఈఎఫ్ఎస్ఏ 2023లో ఏజ్డ్ మాంసం మీద ఒక శాస్త్రీయ అభిప్రాయం ఇచ్చింది. మాంసం ఉపరితలం మైనస్ 0.5 నుంచి 3 డిగ్రీల మధ్య, గాలిలో తేమ 75 నుంచి 85 శాతం, గాలి వేగం సెకనుకు 0.2 నుంచి 0.5 మీటర్లు, గడువు 35 రోజుల లోపు. ఈ హద్దుల్లో ఉంచాలని అది చెప్పింది. పద్ధతి ప్రకారం చేస్తే తాజా మాంసం కంటే ఎక్కువ ప్రమాదం లేకుండా డ్రై ఏజింగ్ చేయవచ్చని కూడా చెప్పింది. వీడియోల్లో ఎవరూ చెప్పని సంగతి ఒకటి ఇందులో ఉంది. ఆ హద్దులు పెట్టిందే బూజులు విషాలు తయారుచేయకుండా చూడడానికి. అనుకూలమైన పరిస్థితులు దొరికితే కొన్ని బూజులు విషాలు తయారుచేయగలవన్నదే వాళ్ళ మాట. తెల్ల నూగు నాణ్యతకు గుర్తు, ఎంత పడితే అంత మంచిది అనే ప్రచారం నిలబడేది కాదు.

రంగు చూసి తేల్చవచ్చా? తెల్లదైతే మంచిది, పచ్చదీ నల్లదీ అయితే చెడ్డది అని చాలామంది అంటారు. ఈ సూత్రాన్ని నేను నమ్మను, మీరూ నమ్మకండి. పచ్చగా కనబడే పెనిసిలియం జాతిలోనే రోక్‌ఫోర్ట్ జున్నులో వాడే మంచి రకం ఉంది. అదే జాతిలోని పెనిసిలియం నార్డికం ఎండబెట్టిన పంది తొడల మీద పెరిగి ఓక్రాటాక్సిన్ అనే విషాన్ని తయారు చేస్తుంది. అది కిడ్నీలను దెబ్బ తీస్తుంది. పైగా విత్తులు కట్టకముందు, లేతగా ఉన్నప్పుడు చాలా బూజులు తెల్లగానే ఉంటాయి. చల్లటి మాంసం మీద నల్ల చుక్కలు పెట్టే క్లాడోస్పోరియం చూడడానికి భయంకరంగా ఉంటుంది గానీ, అది వచ్చిందంటే ముఖ్యంగా తెలిసేది మాంసం చాలాకాలంగా నిల్వ ఉందని. ఫోటోలో రంగు చూసి ఎవరైనా తినొచ్చు అన్నారంటే వాళ్ళ మాట పక్కన పెట్టండి.

దీనికి రెండో వైపు కూడా ఉంది. బూజు లేకపోవడం కూడా హామీ కాదు. గాలి తీసేసిన ప్లాస్టిక్ సంచిలో చేసే వెట్ ఏజింగ్‌లో ఆక్సిజన్ ఉండదు కాబట్టి బూజు రాదు. లిస్టీరియాకు ఆ ఇబ్బంది లేదు. గాలి లేని చోటే పెరిగే క్లాస్ట్రిడియం బొటులినం అనే ప్రమాదకర బ్యాక్టీరియాలో ఒక రకం 3 డిగ్రీల పైన చలిలో కూడా మేలుకుంటుంది. గాలి తీసిన ప్యాకెట్ ఉబ్బినా, కారినా, లోపల బూజు కనబడినా ఆలోచించకుండా పారేయండి. ప్యాకెట్లో బూజు వచ్చిందంటే ఎక్కడో చిల్లు పడి గాలి దూరిందన్నమాట.

మళ్ళీ మధురవాడ ఫ్రిజ్ దగ్గరికి వద్దాం. ఆ వీడియోలు తీసేవాళ్ళు ఉండే చోట గాలి మనంత తేమగా ఉండకపోవచ్చు. మనం సముద్రం ఒడ్డున ఉన్నాం. వానాకాలంలో చల్లటి నీళ్ళ సీసా బయట పెడితే క్షణాల్లో చెమట పట్టి నీరు కారుతుంది కదా, ఫ్రిజ్ తలుపు తీసిన ప్రతిసారీ 2 డిగ్రీల దగ్గర ఉన్న మాంసానికి జరిగేది అదే. ఆరిన ఉపరితలం మీద సన్నటి నీటి పొర పేరుకుంటుంది. బెరడు కట్టాల్సిన చోట బ్యాక్టీరియాకు నీరు అందుతుంది. ఇంట్లో పాలకు, పెరుగుకు, పిల్లల మంచినీళ్ళకు రోజులో ఎన్నిసార్లు తలుపు తీస్తామో లెక్కే ఉండదు. పై అరలో ఒక చలి, తలుపు దగ్గర ఇంకో చలి. కింద డబ్బాలో బూజు పట్టిన నిమ్మకాయ ఒకటి ఉంటే దాని విత్తులు ఫ్రిజ్ అంతా తిరుగుతాయి. ఏజింగ్ గదిలో మాంసం తప్ప ఇంకేమీ ఉండదు, తలుపు అవసరమైతేనే తీస్తారు, చలీ తేమా రోజూ రాసి పెడతారు.

కరెంటు సంగతి కూడా ఉంది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు విశాఖలో చాలా వీధులకు రోజుల తరబడి కరెంటు లేదు. అంత పెద్ద విపత్తు అక్కర్లేదు, వేసవిలో ఒక మధ్యాహ్నం నాలుగైదు గంటలు కరెంటు పోతే చాలు. తలుపు తీయకుండా ఉంచితే ఫ్రిజ్ సుమారు నాలుగు గంటలు చలి నిలుపుతుంది. ఆ తర్వాత మాంసం 4 డిగ్రీలు దాటి రెండు గంటలకు మించి ఉంటే దాన్ని వాడకూడదన్నది ఆహార భద్రతలో మామూలు నియమం. మూడు వారాలుగా ఏజ్ అవుతున్న మాంసానికి మధ్యలో ఇలా ఒక పూట జరిగి, మళ్ళీ చల్లబడి, పైన బూజు వస్తే, ఆ పూట ఏం పెరిగిందో చూసి చెప్పగల కన్ను ఎవరికీ లేదు. మాంసం ఎంత చలిలో, ఎంత నిలకడగా ఉందన్న చరిత్ర తెలియకపోతే బూజు మంచిదా చెడ్డదా అన్న ప్రశ్నకు జవాబే లేదు.

ఇంతకంటే నన్ను ఎక్కువగా కలవరపెట్టే విషయం ఒకటుంది. స్టేక్ మీద బూజంటే ముఖం చిట్లించే మనమే, ఎండు చేపల మీద బూజు వస్తే తుడిచి, ఎండలో పెట్టి, మళ్ళీ డబ్బాలో పోస్తాం. వేరుశెనగ గుళ్ళలో నల్లబడ్డవి ఏరకుండానే వేయించేస్తాం. ఎండు మిరపకాయల్లో బూడిద రంగు బూజు కనబడినా దంపేసుకుంటాం. అసలు ప్రమాదం ఇక్కడుంది.

పెదజాలరిపేట నుంచి భీమిలి దాకా తీరంలో నెత్తళ్ళు, రొయ్యలు, ఉప్పు చేపలు ఎండబెట్టడం తరతరాల పని. గట్టి ఎండలో, సరిపడా ఉప్పుతో, ఇసుక తగలకుండా ఎత్తు మీద ఆరబెట్టిన చేప ఎంతో మంచి ఆహారం. చిక్కు వచ్చేది వానాకాలం నిల్వలో. గాలిలో తేమ 75 శాతం దాటితే ఉప్పు తనంతట తానే నీటిని లాక్కుంటుంది. మన ఊళ్ళో వానాకాలమంతా తేమ చాలావరకు ఆ పైనే ఉంటుంది. కాబట్టి సరిగా మూత పెట్టని డబ్బాలో ఉప్పు చేప మళ్ళీ చెమ్మగిల్లుతుంది. దాని మీద గోధుమరంగు చుక్కలు పెట్టేది వాలెమియా అనే బూజు. గులాబీ రంగు జిగురు పట్టిందంటే అది ఉప్పునే ఇష్టపడే బ్యాక్టీరియా. ఇంట్లో వేడి 28 నుంచి 32 డిగ్రీలు ఉంటుంది. ఆస్పెర్‌జిల్లస్ ఫ్లేవస్‌కు కావాల్సిందీ ఆ వేడే. అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని తయారుచేసే బూజు అది. పది పన్నెండు డిగ్రీల కంటే తక్కువ చలిలో అది పెరగలేదు. అంటే 2 డిగ్రీల ఏజింగ్ గదిలో అది పెరిగే వీలే లేదు, మన వంటింటి అటక మీద మాత్రం పండగ చేసుకుంటుంది.

అఫ్లాటాక్సిన్‌ను ప్రపంచం గుర్తించిందే వేరుశెనగ వల్ల. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్ళు చచ్చిపోతే, వాటికి పెట్టిన వేరుశెనగ పిండిలో ఈ విషం దొరికింది. మనుషుల విషయంలో మన దేశమే పాఠం నేర్చుకుంది. 1974లో రాజస్థాన్, గుజరాత్ గిరిజన గ్రామాల్లో వానకు తడిసి బూజు పట్టిన మొక్కజొన్న తిని సుమారు నాలుగు వందల మంది కామెర్లతో మంచాన పడ్డారు, వారిలో వంద మందికి పైగా చనిపోయారు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు వెళ్ళి కారణం తేల్చారు. అక్కడివాళ్ళు ఆ గింజల్ని పచ్చిగా తినలేదు, వండుకునే తిన్నారు.

అందుకే "బాగా ఉడికిస్తే పోతుందిలే" అనే మాటను వదిలేయాలి. ఉడికిస్తే బూజు చస్తుంది, బ్యాక్టీరియాలో ఎక్కువ భాగం చస్తుంది. అఫ్లాటాక్సిన్ మాత్రం కూర మరిగే వేడికి చాలావరకు చెక్కుచెదరదు, ప్రెషర్ కుక్కర్ వేడికి కూడా పూర్తిగా పోదు. స్టెఫైలోకాకస్ ముందే తయారుచేసి పెట్టిన విషం కూడా అంతే. మసాలా ఘాటులో వాసన కప్పడిపోతుంది గానీ విషం ఎక్కడికీ పోదు. కీమా విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. దిమ్మ పైనున్న బూజు, బ్యాక్టీరియా కొట్టడంతోనే మాంసమంతా కలిసిపోతాయి. చెక్కేసిన బెరడును వృథా కాకూడదని కీమాలో వేయడం అందుకే తప్పు.

విశాఖలో డ్రై ఏజ్డ్ స్టేక్ ఇంకా అరుదే. బయట ఎక్కడైనా తినాలనుకుంటే మొహమాటపడకుండా అడగండి. ఎన్ని రోజులు ఏజ్ చేశారు, ఎన్ని డిగ్రీల్లో, దిమ్మగా ఉంచారా ముక్కగానా, పైపొర ఎక్కడ చెక్కుతారు? పద్ధతిగా చేసేవాళ్ళు సంతోషంగా చెబుతారు, మాంసం ఏజ్ చేసే చల్లటి క్యాబినెట్ చూపిస్తారు. జవాబు నీళ్ళు నమిలినట్టుంటే వేరే వంటకం చెప్పుకోండి. నిల్వ కోసమే తయారైన గట్టి సలామీ మీద తెల్లటి పొడి పూత కావాలని పెంచిందే, దాన్ని తుడిచి వాడుకోవచ్చు. కోసి ప్యాక్ చేసిన సలామీ ముక్కల మీద, సాసేజీల మీద, వండిన మాంసం మీద వస్తే మాత్రం పారేయడమే. ఇంట్లో మాంసం మెత్తగా కావాలంటే ఏజింగ్ జోలికి పోకుండా, కొట్టించుకొచ్చిన వేటమాంసాన్ని మూత పెట్టి ఫ్రిజ్‌లో ఒక రాత్రి ఉంచి మర్నాడు వండి చూడండి. బిగువు సడలి, ముక్క తేడా తెలుస్తుంది. మేక, గొర్రె మాంసానికి అంతకంటే పెద్ద తతంగం అక్కర్లేదు.

బూజు పట్టిన మాంసం ఇంట్లో బయటపడితే ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూడకండి, విత్తులు నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోతాయి. కవర్లో మూటకట్టి చెత్తబుట్టలో వేయండి, వీధి కుక్కలకు పెట్టకండి. పక్కనున్న వస్తువులన్నీ ఒకసారి చూసుకోండి. లీటరు నీళ్ళలో టేబుల్ స్పూన్ వంటసోడా కలిపి ఫ్రిజ్ లోపలంతా తుడిచి, మంచి నీళ్ళతో మళ్ళీ తుడిచి, పొడిగుడ్డతో ఆరనివ్వండి. తలుపు రబ్బరు మడతల్లో నల్లగా పేరుకున్నది కూడా బూజే. దాన్ని లీటరు నీళ్ళలో మూడు టీస్పూన్ల బ్లీచ్ కలిపి రుద్దితే పోతుంది.